మొదటి గేమింగ్ పీసీకి రెడ్‌డ్రాగన్ కుమార కె552 సరిపోతుందా?

గేమింగ్ పీసీ మొదటిసారి కట్టించుకునేవాళ్లు గ్రాఫిక్స్ కార్డుకే డబ్బంతా పోసి, కీబోర్డు దగ్గరికొచ్చేసరికి కాంబోలో ఏదొస్తే అది పట్టుకెళ్తుంటారు. విశాఖ ద్వారకానగర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా ఒకటి గుర్తుంచుకోండి: రంగు లైట్లు వెలిగినంత మాత్రాన అది మెకానికల్ (ప్రతి కీ కింద విడి స్విచ్ ఉండే రకం) కాదు. పెట్టె మీద ‘మెకానికల్ ఫీల్’ అని రాసుంటే లోపల ఉండేది రబ్బరు మెంబ్రేనే. చవక మెంబ్రేన్లలో కీకి ఒక డయోడు (ఏ కీ నొక్కారో తికమక రాకుండా చూసే చిన్న భాగం) ఉండదు కాబట్టి, కొన్ని మూడు కీలు కలిపి నొక్కితే ఒకటి పడదు. ముందుకూ పక్కకూ కదులుతూ రీలోడ్ నొక్కినప్పుడు ఆర్ పడకపోతే తప్పు మీ వేళ్లది కాదు.

కీబోర్డుకు మూడు వేలు పక్కన పెట్టగలిగితే నా ఓటు కుమారకే. నంబర్ ప్యాడ్ లేని 87 కీల మెకానికల్ ఇది. ప్యాడ్ లేనందువల్ల మౌస్ తిప్పే చేతికి చోటు దొరుకుతుంది. వాలరెంట్ లాంటి షూటింగ్ గేమ్‌లు తక్కువ సెన్సిటివిటీతో, అంటే మౌస్‌ను ఎక్కువ దూరం జరుపుతూ ఆడేవాళ్లకు ఆ చోటే ముఖ్యం. ఇంట్లో అకౌంట్స్ పని కూడా ఇదే పీసీలో జరిగేటట్టయితే 104 కీలది తీసుకోండి. ముద్దుగా ఉందని 61 కీల బుల్లి బోర్డు మాత్రం మొదటిసారే వద్దు. ఎఫ్ వరస, బాణం కీలు విడిగా ఉండవు. మైన్‌క్రాఫ్ట్‌లో ఎఫ్3, ఎఫ్5 కావాలంటే ప్రతిసారీ ఎఫ్ఎన్ పట్టుకోవాలి.

కుమారలో ఔటెము కంపెనీ స్విచ్‌లు ఉంటాయి. బ్లూ రకం టిక్కు టిక్కుమంటుంది, రెడ్ అడ్డులేకుండా దిగుతుంది. రాత్రి పక్కగదిలో అమ్మానాన్నలు పడుకునే ఫ్లాట్‌లో బ్లూ వద్దు. ఆ చప్పుడు మైకులోంచి మీ టీమ్‌కూ వినిపిస్తుంది. రెడ్ రకానికి కొలమానంగా చెప్పుకునే చెర్రీ ఎంఎక్స్ రెడ్ 45 గ్రాముల బలానికి, 2 మిల్లీమీటర్ల లోతులో పనిచేస్తుంది. మొత్తం ప్రయాణం 4 మిల్లీమీటర్లు. ఔటెము రెడ్ దానికి దగ్గరగానే ఉంటుంది, నునుపు కాస్త తక్కువ.

కుమారలో నచ్చనివి కూడా ఉన్నాయి. కేబుల్ ఊడిరాదు, తెగితే విప్పి బాగుచేయించాల్సిందే. కీక్యాప్‌లు ఏబీఎస్ ప్లాస్టిక్ కాబట్టి ఎక్కువగా తగిలే డబ్ల్యూ, ఎ, ఎస్, డి త్వరలోనే జిడ్డుగా మెరుస్తాయి.

అయస్కాంత స్విచ్‌ల బోర్డులు బాగుంటాయి, కానీ మొదటి పీసీకి ఆ ఖర్చు అక్కర్లేదు. పైగా వాటితో ప్రచారమైన స్నాప్ ట్యాప్ (ఎదురెదురు దిశల కీలు రెండూ పట్టుకున్నా చివర నొక్కినదే పడేటట్టు చేసేది) లాంటి సదుపాయాలను 2024 ఆగస్టులో వాల్వ్ కంపెనీ తన కౌంటర్ స్ట్రైక్ 2 గేమ్ అధికారిక సర్వర్లలో నిషేధించింది.

విశాఖలో అసలు శత్రువు ఉప్పుగాలి. లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వైపు కిటికీలు తెరిచి ఉంచే ఇళ్లలో స్విచ్ లోపలి లోహపు రేకులకు తేమ, ఉప్పు పట్టి, ఒకసారి నొక్కితే రెండక్షరాలు పడటమో, అసలు పడకపోవడమో మొదలవుతుంది. అందుకే స్విచ్‌లు ఊడదీసి మార్చుకునే హాట్‌స్వాప్ రకాన్ని అడగండి. కుమారలో అన్నీ ఆ రకం కావు. ఔటెము సాకెట్లలో సన్నపిన్నుల ఔటెము స్విచ్‌లే పడతాయి, గేటెరాన్, చెర్రీ కంపెనీలవి బలవంతంగా దూరిస్తే సాకెట్ పాడవుతుంది. మొరాయించిన స్విచ్‌ను పారేసే ముందు కేబుల్ పీకి, స్విచ్‌ను బయటికి తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి, యాభై సార్లు నొక్కి, పూర్తిగా ఆరనిచ్చి చూడండి. తిరిగి పెట్టేటప్పుడు పిన్నులు నిటారుగా ఉండాలి, ఒక్కటి వంగినా ఆ కీ పలకదు. ఆడనప్పుడు పైన గుడ్డ కప్పడం మరవొద్దు.

డబ్బు కట్టే ముందు షాపు కంప్యూటర్‌లోనే తగిలించి, బ్రౌజర్‌లో కీబోర్డు టెస్టర్ పేజీ తెరవండి. షిఫ్ట్, డబ్ల్యూ, ఎ పట్టుకుని స్పేస్, ఆర్, 1 ఒక్కొక్కటే నొక్కితే ఆ పేజీలో అన్నీ వెలగాలి. తర్వాత నోట్‌ప్యాడ్‌లో ప్రతి అక్షరం పదిసార్లు కొట్టి, డబుల్ పడుతుందేమో చూడండి. స్పేస్‌బార్‌ను రెండు చివర్లా నొక్కండి. ఒక పక్క ఇరుక్కుంటే వేరే పీసు అడగండి. బ్లూ, రెడ్ రెండూ ఒకే మోడల్ పేరుతో వస్తాయి కాబట్టి బిల్లు మీద స్విచ్ రంగు కూడా రాయించుకోండి.