కొస లోపలికి పోయిన ఫిల్మ్: పికర్ వాడాలా, డబ్బా విప్పాలా?

ఆటోమేటిక్ కెమెరాలు చాలావరకు 35 ఎం.ఎం. ఫిల్మ్‌ను కొసతో సహా డబ్బాలోకి లాగేస్తాయి. ఇంట్లోనే డెవలప్ చేసేవాళ్లకు అప్పుడు రెండు దారులు.

లీడర్ పికర్ అంటే లోపలికి పోయిన కొసను బయటికి లాగే, రెండు పలుచటి నాలుకలున్న పనిముట్టు. దీని పని వెలుతురులోనే. మొదటి నాలుకను డబ్బాకున్న వెల్వెట్ సందులోంచి దూర్చి, డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని, ఫిల్మ్ చుట్టి ఉన్న స్పూల్ మెల్లగా తిప్పాలి. ఫిల్మ్ కొస నాలుక మీంచి జారినప్పుడు టిక్‌మంటుంది. అక్కడే ఆపి, రెండో నాలుక తోసి, పికర్‌ను కొసతో సహా బయటికి లాగాలి. ఒక్కోసారి పట్టు చిక్కదు, ఓపిక నశిస్తుంది. కానీ కొస చేతికొస్తే కత్తిరించి, డెవలప్ చేయడానికి ఫిల్మ్ చుట్టే రీల్‌లో వెలుతురులోనే మొదలుపెట్టొచ్చు. సగం వాడిన ఫిల్మ్‌ను మళ్లీ కెమెరాలో వేయాలంటే ఈ రెండింట్లో ఇదే సరైన పద్ధతి.

డబ్బా విప్పడం మోటు పని, కానీ గురి తప్పదు. సీసా మూత తీసే ఓపెనర్‌తో చదునుగా ఉన్న వైపు మూత లేపితే చాలు. అయితే పూర్తి చీకటి కావాలి. మామూలు ఫిల్మ్‌కు ఎర్ర దీపం కూడా పనికిరాదు. చేతులు దూర్చి పనిచేసే, వెలుతురు చొరని ఛేంజింగ్ బ్యాగ్‌లో చేతులకు చెమట పడితే అసలు టెన్షన్ అప్పుడే. ఫ్యాక్టరీలోనే మూత నొక్కి బిగించిన డబ్బా అయితే విప్పాక మళ్లీ పనికిరాదు కూడా.

వెంటనే డెవలప్ చేసేదైతే నేను డబ్బానే విప్పుతాను. చేత్తో రివైండ్ చేసే కెమెరా అయితే, తిప్పే పిడి (క్రాంక్) ఒక్కసారిగా తేలికవగానే ఆపేస్తే ఈ బాధే ఉండదు.