కంచు డింగ్, జ్యుయె నకళ్ల జత: ఆకారం బాగుంది, లోహం కంచు కాదు

ప్రాచీన చైనా పూజా పాత్రల నకళ్లంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న జత ఇది. మాంసం వండే మూడు కాళ్ల డింగ్ ఒకటి, మద్యం పోసే మూడు కాళ్ల చిన్న పాత్ర జ్యుయె ఒకటి. నెల్లూరు డెలివరీతో కలిపి 4,200 రూపాయలు. డింగ్ ఎత్తు 17 సెంటీమీటర్లు, బరువు 1.25 కిలోలు. ఆకారానికి ఐదుకి నాలుగు ఇస్తాం, లోహానికి రెండే.

డింగ్‌ను అమ్మేవాళ్లు ‘ధూప పాత్ర’ అని రాశారు. షాంగ్ వంశం కాలంలో, అంటే క్రీ.పూ. 1600–1046 మధ్య, అది పితృదేవతలకు మాంసం వండి నివేదించే పాత్ర. ఆ ఆకారంలో ధూపం వేయడం చాలా తర్వాత వచ్చింది. ఆ తర్వాతి జో వంశం నాటికి ఎన్ని డింగ్‌లుంటే అంత హోదా: మర్యాద గ్రంథాల ప్రకారం రాజుకు తొమ్మిది డింగ్‌లు, ధాన్యం వడ్డించే గుయిలు ఎనిమిది, సామంతులకు ఏడు డింగ్‌లు, ఆరు గుయిలు. అలమరలో వరసగా పెట్టుకోవాలనుకునేవాళ్లు డింగ్‌లు బేసి సంఖ్యలో, గుయిలు ఒకటి తక్కువగా తీసుకుంటే పద్ధతిగా ఉంటుంది.

డింగ్ పొట్ట మీది టావ్‌టియె, అంటే ఊహాజంతువు ముఖం ముచ్చటగా వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, ముక్కు చోట నిలువు గట్టు ఉంది, కింది దవడ లేదు. అసలు పాత్రలకూ అంతే. లేనిదల్లా అచ్చు గీత. షాంగ్ పనివాళ్లు మట్టి నమూనా చుట్టూ మట్టి అద్ది, దాన్ని ముక్కలుగా కోసి తీసి, లోపల మట్టి గుండు నిలిపి, మధ్య సందులో లోహం పోసేవారు. ముక్కలు కలిసిన చోట సన్నని గీత పడేది. ఈ నకలును మైనం పద్ధతిలో, అంటే మైనపు నమూనా చుట్టూ మట్టి అద్ది, మైనం కరిగించి, ఆ చోట లోహం పోసి చేసినట్టుంది. గీతలు లేవు, నగిషీ అంచులు మొద్దుబారాయి.

జ్యుయెలో చేతిపిడి సరిగ్గా ఒక కాలి మీదికి వచ్చింది, అది ఒప్పు. అంచు మీది రెండు చిన్న స్తంభాలు మాత్రం మద్యం పోసే ముక్కు మొదట్లో ఉండాల్సింది, పక్కలకు జరిగిపోయాయి. చిరుధాన్యాల మద్యాన్ని వెచ్చబెట్టి పితరులకు పోసే పాత్ర కదా అని దీన్ని పొయ్యి మీద పెట్టకండి. కాళ్లు విడిగా పోసి సీసం-తగరంతో అతికారు. ఆ అతుకు 190 డిగ్రీల లోపే కరగడం మొదలవుతుంది, కాలు ఊడుతుంది. సీసం ఉంది కాబట్టి తీర్థం, పాలు పోయడం కూడా వద్దు.

ఇక లోహం. కాలి అడుగున ఆకురాయితో గీస్తే లేత పసుపు తేలింది. ఇత్తడే. కంచయితే గీతలో కొంచెం ఎరుపు కలిసిన బంగారు వన్నె కనిపిస్తుంది. షాంగ్ కంచు రాగి, తగరం, సీసం కలిసినది, ఇత్తడిలోలా జింకు కలపరు. ఆకుపచ్చ కిలుము కూడా పూసిన రంగే: నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదికి అంటుకుని వచ్చేసింది. అసలు కిలుము అలా రాదు. నిజంగా పాతదేమో అనిపించే వస్తువు మీద ఈ రెండు పరీక్షలూ చేయకండి.

డింగ్‌లో సాంబ్రాణి వేయొచ్చు, దాని కాళ్లు పొట్టతో కలిపి పోసినవే. ముందు లోపలి రంగు పూర్తిగా తీసేయాలి, లేకపోతే నిప్పు తగలగానే ఘాటు వాసన. అడుగున కడిగి ఆరబెట్టిన ఇసుక రెండు వేళ్ల మందం పోసి, దాని మీద బొగ్గు పెట్టండి. కింద పెంకో రాయో ఉంచాలి.

చింతపండుతో తోమితే నగిషీ సందుల్లోని నలుపు పోయి ముఖం కనపడకుండా పోతుంది. పొడి మెత్తని బ్రష్ చాలు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి లేతాకుపచ్చ పొడి మచ్చలు లేస్తాయి. అందుకే ఆరు నెలలకోసారి పలచగా మైనం పూసి గుడ్డతో తుడవండి.

ఆర్డర్ పెట్టేముందు అమ్మేవాళ్లను రెండు ఫొటోలు అడగండి: కాళ్ల అడుగు భాగం ఒకటి, జ్యుయె కాలు పొట్టను కలిసే చోటు ఒకటి. డింగ్ విడిగా 2,500కు ఇస్తే తీసుకోవచ్చు.