ప్రింటర్ కదిలింది, ఒక స్టార్ మాత్రం నా దగ్గరే ఉంది

మాది గుంటూరు బ్రాడీపేటలో చిన్న ఆడిటర్ ఆఫీసు. సిస్టమ్స్ ఆరు, ప్రింటర్ ఒకటి. ఆ ఒక్కదాన్ని ఆరింటికీ పెట్టించుకోవడానికి రెండుసార్లు డబ్బులు కట్టాం. ఈ రివ్యూ రెండోసారి వచ్చిన ఈ షాపు వాళ్ల గురించే, కానీ ముందు వచ్చినాయన చేసింది చెప్పకపోతే వీళ్ల పని విలువ తెలీదు.

ఆయన (వేరే షాపు, పేరు అనవసరం) ప్రింటర్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో మా సీనియర్ అక్క సిస్టమ్‌కి తగిలించి, షేరింగ్ ఆన్ చేసి, మిగతా ఐదింట్లో యాడ్ చేసి అరగంటలో బండెక్కాడు. ఇక చూడండి, అక్క లీవు పెడితే ప్రింటర్‌కీ లీవే. అక్క భోజనానికి వెళ్లి సిస్టమ్ స్లీప్‌లోకి జారుకుందంటే వెనక గదిలోంచి ఎవరో ఒకరు లేచొచ్చి మౌస్ కదిపి పోవాలి. దానికి తోడు ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత రెండు సిస్టమ్స్‌లో చివర 11బీ అని ఉండే ఎర్రర్ మొదలైంది. 2021 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ప్రింట్ షేరింగ్ సెక్యూరిటీ బిగించినప్పటి నుంచి చాలామందిని ఏడిపిస్తున్న ఎర్రరే ఇది. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగులుండే చోటు) ఒక విలువ మారిస్తే పోతుందని యూట్యూబ్‌లో చెప్తారు, కానీ అది బిగించిన తాళాన్ని మళ్లీ వదులు చేయడమే, క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్న చోట అలాంటివి వద్దన్నారు సారు. పైగా 20వ తేదీ, జీఎస్టీ రిటర్న్ త్రీబీ వేయడానికి గడువు. పెన్‌డ్రైవ్ పట్టుకుని జిరాక్స్ షాపుకి ఎన్నిసార్లు దిగానో లెక్కలేదు.

అప్పుడొచ్చాడు ఈ షాపు కుర్రాడు. వస్తూనే ప్రింటర్ వెనక్కి తిప్పి, "అన్నా, దీనికి ల్యాన్ పోర్టు ఉందిగా, ఎందుకు వాడట్లేదు?" అన్నాడు. నిజమే, నెట్‌వర్క్ కేబుల్ పెట్టే ఆ పోర్టు ఉంది. దాని మీద కంపెనీ అంటించిన స్టిక్కర్ కూడా ఊడలేదు. నేనేం చెప్పను?

రూటర్ నుంచి నేరుగా ప్రింటర్‌కి కేబుల్ లాగి, రూటర్‌లో దానికంటూ ఒక ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు) కట్టిపడేశాడు. అదెందుకంటే, కరెంటు పోయి వచ్చినప్పుడు రూటర్ ప్రింటర్‌కి వేరే నంబర్ ఇచ్చే అవకాశం ఉంది, సిస్టమ్స్ పాత నంబరుకే పంపుకుంటూ "ఆఫ్‌లైన్" అని చూపిస్తుంటాయి. ఎండాకాలంలో మాకు కరెంటు కోతలు కొత్తేం కాదు. తర్వాత ఒక్కో సిస్టమ్ దగ్గర కూర్చుని, ఒకే ప్రింటర్ "కాపీ 1, కాపీ 2" అంటూ మూడు పేర్లతో ఉన్నవన్నీ తీసేసి ఆ ఐపీతో ఒక్కటే పెట్టాడు. డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్ తనంతట తాను మార్చుకునే ఆప్షన్ కూడా ఆపేశాడు. ఇన్నాళ్లూ మేము ప్రింట్ కొడితే కాగితం రాకుండా పీడీఎఫ్‌గా సేవ్ చేయమని అడిగేది అందుకేనట!

నాకు నచ్చింది చివర్లో చేసింది. అక్క సిస్టమ్ ఆఫ్ చేయించి, రూటర్, ప్రింటర్ రెండూ స్విచ్ తీసి మళ్లీ వేసి, వెనక గదిలో లాప్‌టాప్ నుంచి ప్రింట్ కొట్టి చూపించాకే డబ్బులు అడిగాడు. 1,500, కేబుల్ ఖర్చు విడిగా. ఎక్కువే అనిపించింది, కానీ తర్వాత ఒక 20వ తేదీ గడిచింది, మౌస్ కదపడానికి ఎవరూ లేవలేదు.

ఇక స్టార్ ఎందుకు తగ్గించానంటే రెండు కారణాలు. రూటర్ పాస్‌వర్డ్ మార్చి మాకు చెప్పకుండా వెళ్లిపోయాడు, ఫోన్ చేస్తే వాట్సాప్‌లో పంపాడనుకోండి. రెండోది, కేబుల్ గుమ్మం దగ్గర నేల మీదే వదిలేశాడు. క్లయింట్లు పెద్దవాళ్లొస్తారు, కాలికి తగిలితే ఎవరిది బాధ్యత? పైన ప్లాస్టిక్ పట్టీ వేయమని ఫోన్ చేస్తే "రేపొస్తా అన్నా" అంటున్నాడు. ఇది మూడో రేపు. పట్టీ వేసిన రోజు ఆ ఐదో స్టార్ కూడా పెట్టేస్తాను.