చెన్నైలో పైరెప్ప దించే సర్జరీ: సేవలెలా ఉన్నాయి, ఏం అడిగి తెలుసుకోవాలి

థైరాయిడ్ వల్ల పైరెప్ప పైకి లాక్కుపోయి కన్ను పూర్తిగా మూతపడనివాళ్లకు నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై దగ్గర. అయితే ఇది ఆక్యులోప్లాస్టీ సర్జన్ (రెప్పలు, కంటి చుట్టూ భాగాలకు ఆపరేషన్ చేసే కంటి డాక్టర్) చేయాల్సిన పని. 1978లో మొదలైన శంకర నేత్రాలయలో దీనికి వేరే విభాగమే ఉంది. నైపుణ్యం విషయంలో ఈ ఊరికి వంక పెట్టలేం. ఫలితం తేడా వచ్చేదల్లా కొలతల దగ్గరే.

మంచి సర్జన్ తొందరపెట్టడు. థైరాయిడ్ అదుపులో ఉండి, కంటి వాపు తగ్గి, రెప్ప ఎత్తు కనీసం 6 నెలలు మారకుండా ఉండాలంటాడు. కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) ఎండి పుండు పడేలా ఉంటే మాత్రం ఆగరు. కనుగుడ్డు ముందుకు పొడుచుకొస్తే ముందు డీకంప్రెషన్ (కంటిగూటిలో చోటు పెంచి గుడ్డును వెనక్కి పంపే ఆపరేషన్), తర్వాత మెల్లకన్ను ఉంటే దాన్ని సరిచేయడం, ఆఖర్న రెప్ప. ఈ వరస తప్పితే కుదిరిన రెప్ప మళ్లీ చెదురుతుంది. సిగరెట్ మానమని గట్టిగా చెప్పని డాక్టర్ దగ్గర కాస్త ఆలోచించాలి.

ఆపరేషన్‌లో రెప్పను ఎత్తే లివేటర్, ముల్లర్ కండరాలను సడలిస్తారు. చెవివైపు రెప్ప ఎక్కువ లేచి ఉంటుంది కాబట్టి అక్కడ ఎక్కువ వదలాలి, కన్నీటి గ్రంథి కూడా అక్కడే ఉంటుంది కనుక జాగ్రత్తగా వదలాలి. రెప్పకే మత్తు సూది ఇచ్చి, కొద్దిగా సడలించి, పేషెంట్‌ను టేబుల్ మీదే కూర్చోబెట్టి ఎదురుగా చూడమంటారు. రెప్ప అంచు నల్లగుడ్డు పైఅంచుకు 1-2 మిల్లీమీటర్లు కింద నిలిచిందా, వంపు సమంగా ఉందా చూసి, చాలకపోతే మళ్లీ సడలిస్తారు. మత్తుమందులోని అడ్రినలిన్ ముల్లర్ కండరాన్ని బిగించి రెప్పను కాస్త ఎత్తుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా కొలిస్తే రేపు రెప్ప వాలిపోతుంది. "మధ్యలో కూర్చోబెట్టి చూస్తారా?" అని ముందే అడగండి. మేం అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేసేది దీనికే.

లోపమల్లా ఆపరేషన్ తర్వాతే. కొన్ని ఆసుపత్రుల డిస్చార్జి కాగితంలో చుక్కల మందు పేరు తప్ప ఏమీ ఉండదు. ఐస్ ఎన్నాళ్లు పెట్టాలి, రాత్రి ఆయింట్‌మెంట్ ఎంత, కుట్లు ఎప్పుడు తీస్తారు అన్నవి తెలుగులో రాయించుకోండి. రెప్ప ఇంకా ఎత్తుగా ఉంటే కిందికి మర్దన చేయమంటారు, అదీ వాళ్లు చూపించిన తీరులోనే, చెప్పిన రోజు నుంచే. వాపు పూర్తిగా తగ్గి అసలు ఎత్తు తేలడానికి 2-3 నెలలు పడుతుంది. రెండోసారి సరిచేయాల్సి రావడం అరుదేమీ కాదు, ఆ ఖర్చు సంగతి ముందే మాట్లాడుకోవాలి.

ఆపరేషన్ రోజు రాత్రే ఊరి బస్సెక్కకండి. కన్ను ఉబ్బి గట్టిపడి, విపరీతంగా నొప్పి పుట్టి, చూపు తగ్గిందంటే లోపల రక్తం చేరి ఉండొచ్చు. గంటల్లో చూపు పోయే పరిస్థితి అది. ఆసుపత్రికి దగ్గర్లోనే గది తీసుకుని, ఎమర్జెన్సీ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.