రాబిట్‌ఎంక్యూ కనెక్షన్ గొడవలు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

కనెక్షన్ తెగిందనగానే అందరూ ముందు బ్రోకర్ (ప్రోగ్రాముల మధ్య మెసేజ్‌లు అందుకుని, క్యూలో ఉంచి, చేరవేసే సర్వర్) మీదే వేలెత్తి చూపిస్తారు. మా ఆర్డర్లు, ఇన్‌వాయిస్‌ల మెసేజ్‌లు ఏళ్లుగా రాబిట్‌ఎంక్యూ అనే బ్రోకర్ మీదే నడుస్తున్నాయి. తప్పు బ్రోకర్‌ది అని తేలిన సందర్భాలు మాకు చాలా తక్కువ.

దీనిలో నాకు బాగా నచ్చింది సర్వర్ లాగ్. కాస్త అలవాటైతే సగం పని అదే చేసిపెడుతుంది. క్లయింట్ (బ్రోకర్‌కి కనెక్ట్ అయ్యే మన ప్రోగ్రాం) లబోదిబోమంటున్నా లాగ్‌లో ఒక్క లైనూ పడలేదంటే, మన కనెక్షన్ రాబిట్‌ఎంక్యూ వినే 5672 పోర్టు దాకా రానే లేదన్నమాట. అప్పుడు చూడాల్సింది ఫైర్‌వాల్, డీఎన్‌ఎస్ (సర్వర్ పేరును అడ్రసుగా మార్చేది). 'బ్యాడ్ హెడర్' అని పడి పక్కన 22, 3, 1 అంకెలు కనిపిస్తే, టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్) వాడే క్లయింట్ తన పోర్టు 5671కి బదులు మామూలు పోర్టు తలుపు కొడుతోందని అర్థం. కొత్తవాళ్లను తిప్పలు పెట్టేది రాబిట్‌ఎంక్యూతో పాటే వచ్చే గెస్ట్ యూజర్. 3.3 వెర్షన్ నుంచి అది డిఫాల్ట్‌గా లోకల్‌హోస్ట్‌లో (అదే మెషీన్ నుంచి) తప్ప పనిచేయదు. దాన్ని నెట్‌వర్క్ సమస్య అనుకుని గంటలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

మమ్మల్ని బాగా ఏడిపించింది మాత్రం హార్ట్‌బీట్, అంటే బతికే ఉన్నామని క్లయింటూ సర్వరూ అప్పుడప్పుడూ పంపుకునే చిన్న సంకేతం. మా ఇన్‌వాయిస్ కన్స్యూమర్ (క్యూలోంచి మెసేజ్‌లు తీసుకునే ప్రోగ్రాం) పైథాన్‌లో, పికా లైబ్రరీతో రాసింది. ఒక్కో పీడీఎఫ్ తయారవడానికి నిమిషాలు పట్టేది. పికా బ్లాకింగ్ కనెక్షన్‌లో మన పనీ హార్ట్‌బీటూ ఒకే థ్రెడ్ మీద నడుస్తాయి. పీడీఎఫ్ పనిలో మునిగిన కన్స్యూమర్ పలకదు, సర్వర్ 60 సెకన్లు చూసి 'మిస్డ్ హార్ట్‌బీట్స్ ఫ్రమ్ క్లయింట్' అని రాసి కనెక్షన్ మూసేస్తుంది. టీమ్‌లో ఒకరు హార్ట్‌బీట్‌ను సున్నా చేసేశారు, అంటే పూర్తిగా ఆపేశారు. ఎర్రర్లు ఆగాయి, అందరికీ హాయి.

ఆ హాయి ఎక్కువ రోజులు నిలవలేదు. రాత్రి ఆర్డర్లు ఉండవు, కనెక్షన్ ఊరికే పడి ఉంటుంది. మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ దాన్ని చప్పుడు చేయకుండా మరిచిపోయేది. లినక్స్‌లో టీసీపీ కీపలైవ్ (ఊరికే ఉన్న కనెక్షన్ బతికుందా అని తట్టి చూసేది) డిఫాల్ట్‌గా 7200 సెకన్లు, అదీ అప్లికేషన్ అడిగితేనే పనిచేస్తుంది. కాబట్టి కన్స్యూమర్ తన కనెక్షన్ బతికే ఉందనుకుని కూర్చునేది, పొద్దున క్యూ నిండిపోయేది. చివరికి పీడీఎఫ్ పనిని వేరే థ్రెడ్‌కి మార్చి, అక్‌ను (మెసేజ్ పని అయిందని సర్వర్‌కి చెప్పే జవాబు) పికాలోని 'యాడ్ కాల్‌బ్యాక్ థ్రెడ్‌సేఫ్' ద్వారా పంపించి, హార్ట్‌బీట్‌ను మళ్లీ 60కి తెచ్చాం. రెండు గొడవలూ తీరాయి.

ఇక నాకు నచ్చనిది. మెమరీ పరిమితి దాటినా, డిస్క్‌లో ఖాళీ తగ్గినా రాబిట్‌ఎంక్యూ మెసేజ్‌లు పంపేవాళ్లను ఆపేస్తుంది. ఆపడం మంచిదే. కానీ టీసీపీ బాగానే ఉంటుంది, ఎర్రర్ రాదు, మెసేజ్ పంపే పబ్లిష్ కాల్ మాత్రం ఊరికే వేలాడుతుంది. బయటినుంచి చూస్తే అచ్చం నెట్‌వర్క్ హ్యాంగ్ అయినట్టే! 15672లో మేనేజ్‌మెంట్ పేజీ తెరిచి కనెక్షన్ల వరుసలో 'బ్లాక్డ్' అని చూసేదాకా టెన్షనే. పికాలో 'బ్లాక్డ్ కనెక్షన్ టైమవుట్' అనే సెట్టింగ్ ఉంది గానీ, మనం పెట్టుకుంటేనే. డిస్క్‌లో ఖాళీకి ఉన్న హద్దు డిఫాల్ట్‌గా 50 ఎంబీ, ప్రొడక్షన్‌కి అది ఏ మూలకీ చాలదు.

పంపడానికీ తీసుకోవడానికీ ఒకే కనెక్షన్ వాడితే ఇంకో చిక్కు. పంపే పని ఆగినప్పుడు అదే దారిలో వెళ్లాల్సిన అక్‌లు కూడా ఆగిపోతాయి, ఖాళీ కావాల్సిన క్యూ ఖాళీ కాదు. మేం ఇప్పుడు రెండింటికీ వేర్వేరు కనెక్షన్లు పెట్టాం. మెమరీ, డిస్క్ హద్దు దాటి పంపేవాళ్లు ఆగినా కన్స్యూమర్లు క్యూను ఖాళీ చేస్తూనే ఉంటాయి.