ముందు పెంచాలా, ముందు వడకట్టాలా?

రీడర్ దగ్గర పెడితే పనిచేసే పాసివ్ ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డులో బ్యాటరీ ఉండదు. రీడర్ ఫీల్డ్ నుంచే పవర్ తీసుకుని, అదే ఫీల్డ్‌ను కాస్త కదిలించి జవాబిస్తుంది. 13.56 మెగాహెర్ట్జ్ రీడర్ యాంటెన్నా మీద పదుల వోల్టులు ఉంటే, కార్డు జవాబు మిల్లీవోల్టుల్లోనే.

అది అందకపోతే చాలామంది నేరుగా ఆంప్లిఫయర్ తగిలించి గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలన్నది) పెంచేస్తారు. పార్టులు తక్కువ, పని సులువు. కానీ క్యారియర్ (రీడర్ పంపే ఆ 13.56 మెగాహెర్ట్జ్ అల) కూడా అంతే పెరిగి, ఆంప్లిఫయర్ హద్దు దాటేస్తుంది కదా! ఆసిలోస్కోప్‌లో చూడండి, అలల తలలు కత్తితో కోసినట్టు చదునుగా ఉంటాయి. కార్డు జవాబు ఉండేది సరిగ్గా ఆ తలల మీదే.

రెండో దారిలో డయోడ్ డిటెక్టర్‌తో క్యారియర్‌ను తీసేస్తాం. ఐఎస్ఓ 14443 ప్రమాణం పాటించే కార్డుల జవాబును మోసే 847.5 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్‌ను ఫిల్టర్‌తో ఏరుకుని, తర్వాతే పెంచుతాం. ఓపిక కావాలి, అయినా నా ఓటు దీనికే. యాంటెన్నా కాయిల్ క్యూ (ఒకే ఫ్రీక్వెన్సీకి ఎంత పదునుగా స్పందిస్తుందన్న కొలత) మాత్రం మరీ పెంచకండి, సబ్‌క్యారియరే నీరసించిపోతుంది.