గంజాయి మానేసిన మా తమ్ముడికి ఈ జిమ్ ఎలా పనికొచ్చిందంటే

మా తమ్ముడు గంజాయి మానేసి చికిత్స తీసుకుంటున్నాడు. మందులు, కౌన్సెలింగ్‌తో పాటు రోజూ ఒళ్లు అలిసేలా ఏదైనా చెయ్యమని డాక్టరు గారు చెబితే ఎంవీపీ కాలనీలోని ఈ జిమ్‌లో చేర్పించాం. మేడ మీద రెండు గదులు, ఏసీ లేదు, ట్రెడ్‌మిల్‌లు రెండే, వైజాగ్ ఉక్కపోతకి బనీను పిండుకోవాల్సిందే. అయినా ఐదుకి ఐదు స్టార్లు ఇస్తున్నా. మాస్టారి కోసం.

చేరిన రోజు ఆయన ముందు అడిగింది, "ఏ టైముకి మనసు బాగా లాగుతుంది?" అని. చీకటి పడే వేళ అన్నాడు వీడు. పాత స్నేహితులు ఫోన్లు చేసే టైము కూడా అదే. వెంటనే ఆరున్నర బ్యాచ్‌లో వేశారు. ఆ గంటా ఫోను కౌంటర్ డ్రాలో ఉంటుంది, వీడు స్కిప్పింగ్ చేస్తూ గట్టిగా లెక్కపెడుతుంటాడు, లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి. ఒక్కరోజు రాకపోతే మర్నాడు పొద్దున్నే ఫోన్: "ఏట్రా తమ్ముడూ, నిన్న అగుపడలేదు?" అంతే, క్లాసు పీకరు.

జిమ్‌కెళ్తే మత్తు అలవాటు పోతుందా అని మా నాన్నగారి సందేహం. దాంతో నేనూ కాస్త చదివాను. మత్తు ఏళ్ల తరబడి వాడితే మెదడులో ఆనందం, ఆసక్తి కలిగించే డోపమిన్ అనే రసాయనం పనితీరు దెబ్బతింటుంది, అందుకే మానేసిన కొత్తలో తిండీ సినిమా ఏదీ రుచించదు. వ్యాయామం వల్ల దిగులు, టెన్షన్ తగ్గుతాయి, నిద్ర పడుతుంది. 2011లో అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్లు, మానాలన్న ఉద్దేశం కూడా లేని 12 మంది గంజాయి అలవాటున్నవాళ్లతో రెండు వారాల్లో 10 సార్లు, సారికి 30 నిమిషాలు ట్రెడ్‌మిల్ చేయిస్తే వాడకం సగానికి పైగా తగ్గింది. కానీ అది చాలా చిన్న పరీక్ష. కొకైన్ లాంటివి వాడేవాళ్లు 302 మందితో చేసిన ఇంకో పరీక్షలో, వ్యాయామం చేసినవాళ్లకీ ఆరోగ్య పాఠాలు విన్నవాళ్లకీ మొత్తం మీద పెద్ద తేడా రాలేదు, చెప్పినట్టు క్రమం తప్పకుండా చేసినవాళ్లలో మాత్రం కొంత మెరుగు కనిపించింది. అది చదివాకే మాస్టారి ఫోన్ విలువ నాకు బాగా తెలిసింది. మెషీన్లు ఎక్కడైనా ఉంటాయి, రాకపోతే అడిగే మనిషి ఉండాలి కదా.

ఇంకో సంగతి, ఇక్కడ పౌడర్లు, ఇంజెక్షన్లు అమ్మరు. ముందు వెళ్లిన వేరే జిమ్‌లో మొదటి వారమే కండలకి ఇంజెక్షన్ అని మొదలెట్టారు, ఒక సూది నుంచి బయటపడాలనుకునే కుర్రాళ్లు కూడా వచ్చే చోట అలా మాట్లాడటం ఘోరం.

లోటు ఏంటంటే ఆదివారం సెలవు, ఖాళీగా ఉండే రోజే మత్తు మానేసినవాళ్లకి కష్టం. మేం ఆ రోజు తెల్లారే బీచ్ రోడ్డుకి వెళ్తాం, ఆ వేళకి బళ్లు రానివ్వరు కాబట్టి కాళీమాత గుడి దగ్గర నుంచి హాయిగా పరిగెత్తొచ్చు. సాయంత్రం ఆడపిల్లలకి వేరే బ్యాచ్ లేదు, అదీ పెట్టాలి.

తాగుడో మత్తో ఉన్నట్టుండి ఆపేసి ఒళ్లు వణుకుతుంటే జిమ్‌కి తీసుకురాకండి, ముందు డాక్టరు దగ్గరికే. ఎక్కడికెళ్లాలో తెలీకపోతే 14446కి ఫోన్ చెయ్యండి, అది డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. జిమ్ ఫీజు నెలకి 1,000, ఆరున్నర బ్యాచ్ త్వరగా నిండిపోతుంది, ముందే అడిగి పెట్టుకోండి.